మచ్చ మిగల్చని వెలుగు

"నోరు తెరవండి. ఇంకా... ఇంకొంచెం," అంది డాక్టర్ మృదుల.

నూకరత్నం భయం భయంగా తెరిచింది. నెలల తరబడి ఇడ్లీ ముక్క కూడా తుంచి తోసుకోవలసి వచ్చిన నోరు, కిటుక్కుమనకుండా పూర్తిగా తెరుచుకుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడే మనిషి ఆమె. గొంతు ఉన్నా దవడ కదలక పాట ఆగిపోయింది. ఇప్పుడు చెవుల ముందు గిన్నెల్లా ఆనుకున్న రెండు ఎర్ర దీపాల మధ్య కూర్చుని, నమ్మలేనట్టు నోరు మూస్తూ తెరుస్తూ ఉండిపోయింది.

"నొప్పి ఉందా?"

"లేదు డాక్టరమ్మా. చిత్రంగా ఉంది."

ఆ యంత్రం పేరు అరుణ. ఎర్ర కాంతికీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతికీ చర్మం దాటి లోపలికి పోయే గుణం ఉంది. మన కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలుంటాయి. ఆ వెలుగు వాటిని రాజేస్తుంది. పాత రకం లైట్ థెరపీ దవడ నొప్పి తగ్గించి ఊరుకునేది. మృదుల తయారుచేసిన అరుణ అంతటితో ఆగదు. వాపు తీస్తుంది, కమిలిన రక్తాన్ని ఇంకిస్తుంది, కీలులో చిరిగిన డిస్క్‌ని అతికిస్తుంది, ఎముక మీద పాత పగుళ్ళ గీతలు కూడా చెరిపేస్తుంది. అంతా పావుగంటలో.

"కీలు ఇంతగా ఎలా దెబ్బతింది?" అని అడిగింది మృదుల.

"నిద్దట్లో పళ్ళు కొరుకుద్ది మేడమ్," అన్నాడు పక్కనే నిలబడ్డ మొగుడు ఈశ్వర్రావు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. మర్యాదగా, చేతులు కట్టుకుని చెప్పాడు. మృదుల తలూపి, ఇంట్లో వాడుకోమని ఒక అరుణ ఇచ్చి పంపింది.

వేలంలో బోటు ఓనరుతో నవ్వుతూ మాట్లాడిందని ఆ వారమే ఈశ్వర్రావు కొట్టాడు. పిడికిలి చెవి కింద దిగింది. ఎముక చిట్లిన చప్పుడు ఆమెకు తలలోపల వినిపించింది. కింద పడ్డాక పక్కటెముకల్లో తన్నాడు. తరవాత తువ్వాలు తడిపి రక్తం తుడిచి, దీపాలు తగిలించాడు.

"కదలకు. పావుగంటలో పోద్ది," అన్నాడు, నిజంగానే ప్రేమగా.

అరుణ రాకముందు వాపు వారం ఉండేది. ఆ వారమంతా అతను ఆమె మొహం చూడలేక తల దించుకు తిరిగేవాడు, చెయ్యి లేపేవాడు కాదు. ఇప్పుడు వాపుతోపాటు ఆ సిగ్గు కూడా పావుగంటలో పోతోంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య అడ్డు లేకుండా పోయింది. దీపాలు వద్దని ఆమె తోసేస్తే చేతులు వెనక్కి కట్టి మరీ పెట్టేవాడు.

నూకరత్నం పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. ఎస్సై ఆడమనిషే. ఓపిగ్గా విని స్కాన్‌కి పంపింది. "పాతికేళ్ళ పిల్ల దవడలా ఉందమ్మా ఇది," అంది బొమ్మ చూసి. "దీంతో మీ ఆయన మీద కేసెలా నిలబడుతుంది?"

అక్కణ్ణించి మృదుల దగ్గరికి వెళ్ళింది.

"పళ్ళు కొరకడం అని చెప్పారు కదా?"

"ఆయన చెప్పేడు. అప్పుడు నా నోరు మీ దీపాల మధ్యన ఉంది."

"నేను సాక్ష్యం చెబుతాను," అంది మృదుల. "కానీ ఏం చూపించను? మచ్చ మిగలకపోవడమే దీని గొప్పదనమని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేనే."

"అయితే మచ్చ మిగిలేలా చెయ్యండి."

"మచ్చ మిగిల్చే వైద్యం ఎవరు కొంటారు, నూకరత్నం గారూ?"

స్టేషన్‌కి వెళ్ళిన సంగతి ఈశ్వర్రావుకి ఆదివారం తెలిసింది. వంటింట్లోకి వచ్చి, జుట్టు పట్టుకుని ఆమె తలని గోడకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే ఆమె చేతికి ఇనప అట్లపెనం దొరికింది. దాని అంచుతో అతని దవడ మీద మోదింది. అతను పడ్డాక కూడా మోదింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆపలేదు.

అతని దవడ పక్కకి వేలాడుతోంది. మాట రాక, వేలితో అలమరలోని అరుణని చూపించాడు. ఆమె దీపాలు తీసి దగ్గరికి తెచ్చింది. పెట్టబోయి ఆగింది.

"ఉండనీ," అంది. "ఈ ఇంట్లో దవడలు ఇరుగుతాయని ఒక్క బొమ్మలోనన్నా కనపడనీ."

అంబులెన్సునీ పోలీసుల్నీ ఆమే పిలిచింది.

కేసు నూకరత్నం మీదే పడింది. లాయరు సలహా మీద, తీర్పు వచ్చేదాకా ఈశ్వర్రావు దీపాలు ముట్టుకోలేదు. గొట్టంతో గంజి తాగాడు. పంటి బిగువున భరిద్దామన్నా పళ్ళు కలిసేవి కావు. బాధకి గోడలు గోకేవాడు. అయినా అరుణ జోలికి పోలేదు.

కోర్టులో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టారు. ఒకటి మూడు చోట్ల విరిగిన ఈశ్వర్రావు దవడ. రెండోది నున్నగా మెరిసే నూకరత్నం దవడ.

"ఈమె దవడకి దెబ్బ తగిలిన గుర్తు ఒక్కటైనా ఉందా?" అని మృదులని అడిగాడు ఈశ్వర్రావు తరఫు లాయరు.

"ఉండదు. ఎందుకంటే..."

"ఉందా లేదా?"

"లేదు."

నూకరత్నం జరిగిందంతా హాలు చివరిదాకా వినపడేలా చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు. అంత బాగున్న నోటితో దవడ దెబ్బల గురించి చెబుతుంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. ఆమెకే మూడేళ్ళు శిక్ష వేశారు.

ఆ సాయంత్రమే ఈశ్వర్రావు దీపాలు తగిలించుకున్నాడు. పావుగంట తరవాత లేచి, అద్దంలో దవడ అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. బీచ్ రోడ్డు మీద హోటల్‌కి వెళ్ళి మటన్ బిర్యానీ చెప్పి, మూలుగ ఉన్న ఎముకలు ఏరి వెయ్యమన్నాడు.