బుల్లిరాజు గారి పొడి డబ్బా

సోమవారం ఉదయం 10 గంటల 50 నిమిషాలు. నిడదవోలు కాలువ రేవులో ఒక శరీరం.

బోర్లా పడి ఉంది. తల నీళ్లలో, కాళ్లు మెట్ల మీద. మోకాలి లోతు నీళ్లే. రేవులో బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు జబ్బలు పట్టి పైకి లాగారు. నుదురు చిట్లింది. స్పృహ లేదు. ఊపిరి మాత్రం ఉంది. రాజమండ్రి ఐసీయూకి తరలించారు.

శరీరం పేరు బుల్లిరాజు. వయసు యాభై నాలుగు. గోదావరికి రెండు వైపులా పెళ్లి భోజనాల కాంట్రాక్టరు. పేరులో మాత్రమే బుల్లి. ఏడు నెలల క్రితం దాకా నూట అరవై రెండు కిలోలు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి పొట్టను కోడిగుడ్డంత సంచీగా కుట్టారు. ఇప్పుడు నూట నాలుగు. బైపాస్ అంటే గుండెకీ, ఊరికీ వేస్తారని మాత్రమే నిడదవోలుకి తెలుసు. పొట్టకి కూడా వేస్తారని బుల్లిరాజు వల్లే తెలిసింది.

పడినప్పుడు ఆయనకి రెండడుగుల వెనక ఉన్నది భార్య రాజరాజేశ్వరి. గట్టు మీద మూడో మనిషి లేడు.

తమ్ముడు గణేష్‌బాబుకి ఆ ఒక్క ముక్క చాలింది. సాయంత్రానికల్లా స్టేషన్‌లో కాగితం పెట్టాడు. మా వదినే తోసింది, అరెస్టు చెయ్యండి అని.

కాగితం సీఐ వీరబ్రహ్మం బల్ల మీదికి వచ్చింది.

వీరబ్రహ్మానికి నలభై ఏడేళ్లు. ఆయనకీ అదే ఆపరేషన్. అయిదు నెలలైంది. నూట ముప్ఫై ఎనిమిది నుంచి తొంభై తొమ్మిదికి దిగాడు. పొట్ట తగ్గింది, పొట్లాడే ఓపికా తగ్గింది. రెండు గంటలకోసారి నాలుగు చెంచాలు తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తీపి ముట్టకూడదు. నీరసం అంటే ఏంటో ఇప్పుడు అర్థమైందని స్టేషన్‌లో అనేవాడు. నీరు, రసం. తన మెనూ అంతే.

మంగళవారం 11:20కి బుల్లిరాజు ఇంటి మెట్లెక్కాడు. మెట్లు పద్దెనిమిది. రెండు వాయిదాల్లో ఎక్కాడు. వెనక హెడ్ కానిస్టేబుల్ రత్నమాణిక్యం, చేతిలో సార్ టిఫిన్ డబ్బా. కోర్టుకి ఫైళ్లు, సార్‌కి పెసరకట్టు, రెండూ వేళకి అందించడం ఆవిడ డ్యూటీ.

పైన ముగ్గురున్నారు. రాజరాజేశ్వరి, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో. గణేష్‌బాబు, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో. మూడో మనిషి రూబీ. ముప్ఫై మూడేళ్ల నర్సు. బుల్లిరాజును చూసుకోవడానికి రెండు నెలల క్రితం రాజమండ్రి నుంచి వచ్చింది.

వీరబ్రహ్మం కుర్చీలో కూలబడి మొదలుపెట్టాడు.

"పొద్దున్న ఏం తీసుకున్నారాయన?"

"తొమ్మిదింటికి ప్రోటీన్ పొడి కలిపి ఇచ్చానండి. ఇంకేం లేదు," అంది రాజరాజేశ్వరి.

"నడకకి ఎప్పుడు వెళ్లారు?"

"పదీ ఇరవైకండి."

"పడేముందు ఏమైనా అన్నారా?"

"కళ్లు మసకేస్తున్నాయన్నారు. చెమటలు కారిపోయాయి. మెట్టు మీద కూర్చోబోయి తూలారు. నేను పట్టుకునేలోపే..."

నెల రోజులుగా ఇదే వరస అని చెప్పింది. రోజూ పదిన్నర దాటేసరికి వణుకు, చెమట. ఫోన్ చేస్తే ఆస్పత్రి వాళ్లు ఆపరేషన్ అయ్యాక నీరసం మామూలే, కొద్దికొద్దిగా తినిపించండి అన్నారు. రూబీ నాడి చూసి పుస్తకంలో రాసేది. వదినకి నటన బాగా వచ్చని గణేష్‌బాబు గోడకి చెప్పినట్టు చెప్పాడు. పదిమందిలో అన్నయ్య తిట్టిన తిట్లన్నీ కడుపులో పెట్టుకుందనీ, పెట్టుకున్నది నిన్న కక్కిందనీ తేల్చాడు.

తిట్టిన మాట నిజమే. బుల్లిరాజు నోరు ఊరందరికీ తెలుసు. ఆపరేషన్ అయ్యాక తను తినలేకపోయేసరికి, పనివాళ్లని ఎదురుగా కూర్చోబెట్టి కక్కొచ్చేదాకా తినిపించి చూసేవాడట.

11:40కి రత్నమాణిక్యం ఫోన్‌లో అలారం మోగింది. సార్ తినే వేళ. డబ్బా తెరిస్తే పెసరకట్టు పులిసిపోయి ఉంది. ఎండ అలాంటిది.

వీరబ్రహ్మం ముఖం అప్పటికే పాలిపోతోంది. కట్టు పులిసిందనీ, సార్‌దీ బైపాస్ పొట్టేననీ వినగానే రాజరాజేశ్వరి తన కేసు సంగతే మర్చిపోయింది. ఇంటికొచ్చిన మనిషి పస్తుండటమా? ఆయన పొడే ఉందండి, చిటికెలో కలిపి తెస్తానని లేచింది. పోలీసు వాళ్లని ఉత్త కడుపుతో పంపితే మా ఇంటి పరువేం కావాలని గణేష్‌బాబు కూడా వంత పాడాడు. తోసిందన్న వదిన చేత్తోనే తాగమంటున్నానని అతనికి తట్టలేదు. మర్యాద ముందు మర్డర్ కేసైనా చిన్నదే ఆ ఇంట్లో.

"వద్దులెండమ్మా," అంది రూబీ. "సార్‌కి మంచినీళ్లు చాలు. ఒకరి పొడి ఇంకొకరు వాడకూడదండి."

రాజరాజేశ్వరి వినలేదు. పొడి కలిపి తెచ్చింది. వీరబ్రహ్మం కాదనలేకపోయాడు. గుక్క గుక్కకీ ఆగుతూ తాగి, 12 గంటలకి గ్లాసు కింద పెట్టాడు. తన ఇంట్లో పొడి సుద్దలా ఉంటుంది. ఇది కమ్మగా ఉంది. డబ్బున్న వాళ్ల పొడి అనుకున్నాడు.

దిగేటప్పుడు గుండె దడదడలాడింది. ఆ తప్పు మెట్ల మీదికి నెట్టేశాడు. రూబీ వెనకే వచ్చి రత్నమాణిక్యం చేతిలో రెండు చాక్లెట్లు పెట్టింది. దారిలో సార్‌కి చెమటలు పడితే నోట్లో వెయ్యమంది. ఈ ఊళ్లో నర్సు కూడా చెయ్యి తడపకుండా పంపదని రత్నమాణిక్యం మురిసిపోయింది.

రేవు చూశారు. బట్టలుతికిన ఆడవాళ్లతో మాట్లాడారు. ఎవరూ తొయ్యడం వాళ్లు చూడలేదు. పడ్డ చప్పుడుకే తలెత్తారట.

1:50. రైల్వే గేటు పడింది. జీపు ఆగింది.

వీరబ్రహ్మానికి గేటు రెండుగా కనిపించింది. తర్వాత నాలుగుగా. చొక్కా తడిసి ముద్దయింది. చేతులు వణికాయి. ఏదో చెప్పబోయి సీటులోంచి పక్కకి ఒరిగిపోయాడు.

రత్నమాణిక్యం చాక్లెట్ విప్పి నోట్లో కుక్కింది. జీపు వెనక్కి తిప్పించింది.

2:05కి ఆస్పత్రిలో షుగరు చూస్తే నలభై నాలుగు. గ్లూకోజ్ సీసా ఎక్కించి, డాక్టరు సాయిప్రసన్న నెమ్మదిగా విడమరిచి చెప్పింది. బైపాస్ అయినవాళ్లు చక్కెర తాగితే అది పేగులోకి ఒక్కసారిగా దూకుతుంది. ఒళ్లు కంగారుపడి ఇన్సులిన్ కుమ్మరిస్తుంది. గంటన్నర, రెండు గంటలకి ఉన్న షుగరూ పడిపోతుంది. మనిషీ పడిపోతాడు.

"ఏం తీపి తిన్నారు సార్?"

"అయిదు నెలలుగా తీపి మాటే మాట్లాడలేదమ్మా."

అన్నాక వీరబ్రహ్మం ఆగాడు. తను గ్లాసు దించింది పన్నెండుకి, ఒరిగింది ఒంటిగంటా యాభైకి. బుల్లిరాజు తాగింది తొమ్మిదికి, పడింది పదీ యాభైకి. గంటా యాభై. గంటా యాభై.

రత్నమాణిక్యం వెళ్లి డబ్బా సీజ్ చేసి తెచ్చింది. చెంచా పొడి నీళ్లలో కలిపి, ఒక చుక్క షుగరు మీటరు పట్టీకి అంటించారు. మీటరు అంకె చూపించలేక చేతులెత్తేసింది. 'హై' అని మాత్రం అంది. డబ్బాలో ప్రోటీన్ కన్నా గ్లూకోజ్ ఎక్కువ.

ఈలోగా వార్త ఊరంతా పాకింది. గణేష్‌బాబు పాత కాగితం చించి కొత్త కాగితం పెట్టాడు. వదిన తొయ్యలేదు, మందు పెట్టింది, సీఐ గారికే పెట్టింది. 3:10కి డీఎస్పీ గారి ఫోన్. ఇద్దరికీ కలిపి ఇచ్చిన చెయ్యి ఒక్కటే కదా, అయిదింటికల్లా ఆవిణ్ని అరెస్టు చూపించండి అన్నారు.

4:10కి వీరబ్రహ్మం మళ్లీ ఆ మెట్లెక్కాడు. ఈసారి మూడు వాయిదాలు.

ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టాడు. నిలబడి చెప్పే ఓపిక లేదు, కూర్చునే చెప్తానన్నాడు. డబ్బాలో ఉన్నదేంటో చెప్పాడు. రాజరాజేశ్వరి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కలిపింది వదినే కదా సార్," అన్నాడు గణేష్‌బాబు.

"కలిపింది ఆవిడే. తెలిసి కలిపితే నాకెందుకు ఇస్తారు? సాక్ష్యాన్ని గ్లాసులో పోసి పోలీసుకి తాగించే ముద్దాయి నాకింతవరకూ తగల్లేదు. అమ్మా, డబ్బాలు తెచ్చేదెవరు?"

"రూబీయేనండి. రాజమండ్రి నుంచి," అంది రాజరాజేశ్వరి.

"సీలు మీరే తీస్తారా?"

"లేదండి. నా దగ్గరికొచ్చేసరికి తీసే ఉంటుంది. లోపల కొలత చెంచా వెతికానంటుంది."

"మీరెప్పుడూ రుచి చూడలేదా?"

"ఆయన డబ్బాలోది నోట్లో వేసుకుంటే ఊరుకుంటారాండి?"

వీరబ్రహ్మం రూబీ వైపు తిరిగాడు.

"నేను చూసిన గోదావరి జిల్లా ఇళ్లల్లో, వచ్చినవాడికి పెట్టొద్దన్న మనిషి మీరొక్కరే. నర్సు కదా, జాగ్రత్త అనుకున్నాను. మరి చాక్లెట్లు ఎందుకిచ్చారు?"

"నీరసం మనిషని."

"నీరసానికి కాదు. చెమటలు పడితే వెయ్యమన్నారు. ప్రోటీన్ తాగినవాడికి చెమటలు పట్టవు. చక్కెర తాగిన బైపాస్ వాడికి పడతాయి. ఆ గ్లాసులో చక్కెర ఉందని అప్పటికి ఈ ఇంట్లో తెలిసింది ఒక్కరికే. నన్ను బతికించారు. బతికించే పట్టుబడ్డారు."

రూబీ తలెత్తి టైము చూసింది. గోడ గడియారం 4:25.

ఆమె తప్పించుకోవచ్చు. డబ్బా మీద అందరి వేలిముద్రలూ ఉన్నాయి. ఆమె నోరు మెదపకపోతే అయిదింటికి జీపెక్కేది రాజరాజేశ్వరే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"అమ్మగారిని వదిలెయ్యండి," అంది రూబీ. "నేను లెక్క తేల్చుకోవలసింది ఒక్కడితోనే."

"ఏం లెక్క?"

"మాది మొగల్తూరు సార్. పద్దెనిమిదేళ్ల కిందట అక్కడ ఒక పెళ్లిలో ఈయన వంట. మా అన్నయ్య అబ్రహాము వడ్డన కూలికి వెళ్లాడు. ఇరవై రెండేళ్లు. పొద్దుటినుంచీ తిండి లేదు. వంటశాలలో ఒక్క పూర్ణం బూరె నోట్లో వేసుకున్నాడు. ఈయన చూశాడు. దొంగలా ఒకటి తిన్నావు కదా, దొరలా వంద తినమని పందిట్లో కూర్చోబెట్టాడు. ఇద్దరు చేతులు పట్టుకున్నారు. ఒకటి మింగకముందే ఇంకొకటి. చుట్టూ నవ్వులు. గొంతుకి అడ్డం పడి కాళ్లు కొట్టుకుంటుంటే, నటిస్తున్నాడన్నారు. ఆశపడి మెక్కి చచ్చాడని రాయించి శవాన్ని మాకు పంపేశారు."

గణేష్‌బాబు కిటికీ వైపు తిరిగినా రూబీ ఆపలేదు.

"ఈ పేషెంటు పేరు ఏజెన్సీలో విన్నాక నేనే అడిగి వచ్చాను. చంపాలని కాదు. విషం పెట్టడం నాకు తెలీకా? తీపితో చంపినవాడికి తీపే పెట్టాలనుకున్నాను. రోజూ వణికేవాడు. ఏమైపోతున్నానో తెలీక నా చెయ్యి పట్టుకునేవాడు. నేను పక్కన కూర్చుని నాడి లెక్కపెట్టేదాన్ని. కాలువలో పడతాడని అనుకోలేదు. పడ్డాక బాధ కూడా లేదు."

వీరబ్రహ్మానికి డాక్టరు కోసింది పొట్ట. ఈ పిల్ల చెప్తున్నది కడుపుకోత. దానికి అనస్థీషియా లేదు. పక్కకి చూస్తే రత్నమాణిక్యం కళ్లు తుడుచుకుంటోంది.

"నీ మీద హత్యాయత్నం కేసు తప్పదమ్మా," అన్నాడు. "స్టేట్‌మెంట్ ఎక్కణ్ణించి రాసుకోమంటావు?"

"మొగల్తూరు నుంచి రాయండి."

"రాస్తాను. అది వేరే కేసు. మన స్టేషన్ పరిధి కాదు, అయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి పంపొచ్చు. అందులో ఫిర్యాది నువ్వు. ముద్దాయి బుల్లిరాజు. కానీ సాక్షి కావాలి."

గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల నాటి మాటకి సాక్షి ఎక్కడ దొరుకుతాడన్నాడు. అంతలో అతని ఫోన్ మోగింది. రాజమండ్రి ఐసీయూ నుంచి. విని, వదిన వైపు తిరిగాడు.

"అన్నయ్య కళ్లు తెరిచాడు వదినా. బతికాడు. ఇంక ఆలోచించుకుని మాట్లాడు."

రాజరాజేశ్వరి తన చేతుల వైపు చూసుకుంది.

"ఆలోచించేశాను బాబూ," అంది. "ఆ పందిట్లో నేనున్నాను. విస్తట్లో బూరెలు వడ్డించింది నేనే. ఆయన వెయ్యమంటే వేశాను. ఒక చెయ్యి పట్టుకున్నది నువ్వు. రెండో చెయ్యి పట్టుకుని నోట్లో కుక్కింది ఆయన."

గణేష్‌బాబు మళ్లీ కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

రత్నమాణిక్యం కాగితాలు తీసింది. ముందు రూబీ చెప్పింది. తర్వాత రాజరాజేశ్వరి చెప్పింది. ఎన్ని బూరెలు, ఎవరు నవ్వారు, ఎవరు నీళ్లు ఇవ్వనివ్వలేదు. 5:40కి ఇద్దరూ సంతకాలు పెట్టారు. రూబీ జీపెక్కేముందు రాజరాజేశ్వరి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత సీఐని ఒక్కటే అడిగింది. ఆ ఫిర్యాదు నకలు తనకి కావాలని. ఆయనకి తనే చదివి వినిపిస్తానని. వీరబ్రహ్మం ఇచ్చాడు. కూడా వెళ్లాడు.

7:20. ఐసీయూ. బుల్లిరాజు నుదుటికి కట్టు. ఒంట్లో శక్తి లేదు, కళ్లలో పెత్తనం మాత్రం ఉంది. ఇంతసేపూ ఎక్కడ చచ్చావని భార్యని అడిగాడు. రాజరాజేశ్వరి స్టూలు లాక్కుని కూర్చుని కాగితం విప్పింది. మొగల్తూరు. అబ్రహాము. ఇరవై రెండేళ్లు. ఒక్క బూరె.

మానిటర్ మీద నాడి అంకె తొంభై నుంచి నూట ఇరవైకి ఎగబాకింది. బుల్లిరాజు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆవిడ చదవడం ఆపింది. తొందరపడలేదు. నాలుగు నిమిషాల తర్వాత ఆయన ముఖం ఇటు తిరిగింది.

రాజరాజేశ్వరి మొదటి వాక్యం నుంచి మళ్లీ చదివింది.