ఇస్త్రీపెట్టె మొహం కారు

పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మేస్త్రి తన వీడియో తనే చూసుకుని మురిసిపోతున్నాడు. ముప్ఫై ఏళ్లుగా సొట్టలుపడ్డ బండ్లను సరిచేసే షెడ్డు నడుపుతున్న మనిషి. నాలుగు రోజుల క్రితం వీడియోలు తీసేవాళ్లెవరో మైకు పట్టుకుని షెడ్డుకొచ్చారు. ఫోన్లో ఓ కొత్త కారు ఫొటో చూపించి, ఎలా ఉందో చెప్పమన్నారు. అప్పటికే ఊరంతా తిట్టిపోస్తున్న కారది. ఒంపూ లేదు, సొంపూ లేదు, అట్టపెట్టె మడిచినట్టు అన్నీ కోణాలే. ఇక ఈయన నోరు ఊరుకుంటుందా?

"ఇది కారా, ఇస్త్రీపెట్టెకి చక్రాలు పెట్టారా? దీన్ని గీసినవాణ్ణి నా షెడ్డుకి పంపండి. ముందు వాడి బుర్రకి పడ్డ సొట్ట తీస్తా!"

అంతే, ఆ ముక్క లక్షలమంది చూసేశారు. ఇప్పుడు ఆ కారుని అసలు పేరుతో పిలిచేవాడే లేడు.

"చాల్లెండి సంబడం," అంది భార్య వంటింట్లోంచి. "పిల్ల రాత్రి అన్నం కూడా తినకుండా పడుకుంది. అది పట్టదు మీకు."

ఇంతలో కూతురు గదిలోంచి బయటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆపు నాన్నా."

"ఏం, నీకు నవ్వు రాలేదూ? నిన్న చూపిస్తే కూడా మొహం ముడుచుకుని..."

"ఆపమన్నానా! ఆ కారు గీసింది నేనే!"

మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు. కూతురు కార్ల కంపెనీలో బొమ్మలు గీస్తుందని తెలుసు. ఏ కారు గీస్తోందో మాత్రం బయటికొచ్చేదాకా ఇంట్లో కూడా చెప్పకూడదని కంపెనీ షరతు. అలా రెండేళ్లు నోరు కట్టేసుకుంది ఆ పిల్ల.

"అయ్యో, చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుందే?" అంది తల్లి.

"చెబుదామనే నిన్న సాయంత్రం కారు తెచ్చానమ్మా! కింద గేటు దగ్గర ముసుగేసి ఉన్నది అదే. నేను నోరు తెరిచేలోపే ఫోను నా మొహం మీద పెట్టి పకపకా నవ్వాడు."

ఇక్కడ మేస్త్రి ఒక్క మంచిమాట అంటే సరిపోయేది. కానీ పౌరుషం పొడుచుకొచ్చింది. "నువ్వు గీసినా నేను గీసినా బాగాలేనిది బాగాలేదనే అంటా. అబద్ధం చెప్పమంటావా?" అని గయ్యిమన్నాడు.

"చూశావా అసలు? షెడ్డుకి ఏ బండి వచ్చినా రేకు మీద చెయ్యేసి చూడందే ఒక్క మాట అనవు కదా! కస్టమరు ఎంత తొందరపెట్టినా ఆగవయ్యా అంటావు. నా కారుకి అరచెయ్యంత ఫొటో చాలిందా?" గోడ గడియారం వైపు చూసింది ఆ పిల్ల. "పదకొండింటికి మీటింగుంది. కారు ముందుభాగం మార్చే పని ఇంకొకరికిచ్చి నన్ను తీసేస్తారు. నిన్న పెద్దసారు నీ వీడియో అందరి ముందూ పెట్టాడు. అనుభవమున్న మేస్త్రి ఏమన్నాడో వినండి అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మా నాన్న అని చెప్పుకోలేక నేనూ నవ్వాను, తెలుసా?"

మేస్త్రి గబగబా మెట్లు దిగాడు. ముసుగు లాగి పక్కన పడేశాడు. అప్పుడే నీళ్లబిందెతో వస్తున్న పక్కింటాయన ఆగి, "మేస్త్రీ! మీ ఇస్త్రీపెట్టె మీ గుమ్మంలోకే వచ్చిందే! ఇంతకీ గీసినవాడు దొరికాడా, సొట్ట తీశారా?" అన్నాడు. రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు.

"నోరు ముయ్యి! గీసింది మా అమ్మాయి!"

"అన్నది మీరేగా మేస్త్రీ," అన్నాడాయన బిత్తరపోయి.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. ఎవర్ని తిట్టాలి? మాట తనదే. తలొంచుకుని రేకు మీద చెయ్యేశాడు. ఈ చివరినుంచి ఆ చివరికి తడిమాడు. మోకాళ్ల మీద కూర్చుని చక్రం పైభాగంలోకి తొంగిచూశాడు. స్కూటరు డిక్కీలోంచి పానా తెచ్చి నాలుగు బోల్టులు విప్పేసరికి పక్క రేకు మొత్తం చేతిలోకొచ్చింది.

"దీనికి ఒంపెందుకు పెట్టలేదు?" అడిగాడు, వెనక్కి చూడకుండానే.

"ఒంపున్న రేకైతే రోజంతా కొట్టాలి," అంది మెట్ల మీద నిలబడ్డ కూతురు. "అలా కొట్టీ కొట్టీ నీ భుజం పడిపోయి మూడు నెలలు చెయ్యెత్తలేకపోయావు. అన్నం అమ్మే తినిపించింది. ఇదైతే విప్పి, బల్లమీద పెట్టి నాలుగు దెబ్బలేస్తే చాలు."

"ఈ సంగతి ఆఫీసులో చెప్పావా?"

"చెప్పా. నవ్వేవాళ్ల చెవికి ఎక్కుతుందా?"

మేస్త్రి రేకు మళ్లీ బిగించాడు. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"దీని మొహం నాకిప్పటికీ నచ్చలేదమ్మా."

"ఏమండీ!" అని అరిచింది భార్య పైనుంచి.

"ఉండవే. నచ్చలేదు. ఆ మాట నీతో చెప్పాల్సింది తల్లీ. కనీసం చెయ్యేసి చూడకుండా నలుగురిలో నిలబడి నవ్వాను. తప్పు నాదే."

కూతురు బావురుమంది. "నచ్చకపోతే నాకేం బాధలేదు నాన్నా. చిన్నప్పటినుంచీ నా బొమ్మలకి వంకలు పెట్టింది నువ్వే కదా. నువ్వు వాళ్లతో కలిసిపోయావు చూడూ, అది తట్టుకోలేకపోయాను."

"పద, నేనూ వస్తా. ఆ మాటన్నది నేనేనని మీ పెద్దసారుకి చెప్పి, ఈ నాలుగు బోల్టులూ ఆయన ముందే విప్పుతా."

"వద్దు. నా కారు సంగతి నేనే చెప్పుకుంటా. ఉద్యోగం పోతే పోనీ." కళ్లు తుడుచుకుని కారు తలుపు తీసింది. "కానీ వాళ్లు మళ్లీ వీడియో పెడితే మాత్రం ఈసారి నవ్వను నాన్నా. ఆయన మా నాన్న అని చెప్తాను."

కారు సందు మలుపు తిరిగాక కూడా మేస్త్రి గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తూనే ఉన్నాడు.