మూడుసార్లు పిలిచే టీవీ

ఆ వీధి చివరి మేడకి పేరు మంచిది కాదు. ఆ ఇంటి ముసలాయన పోయినప్పటి నుంచీ, రాత్రయితే చాలు, పై గదిలో ఎర్రటి కన్నొకటి ఆరుతూ వెలుగుతూ ఉండేదట... కిటికీలోంచి చూసినవాళ్లు చాలామందే. అటు పోయేవాళ్లు తల వంచుకుని గబగబా నడిచేవాళ్లు.

టీవీ మెకానిక్‌కి ఈ సంగతి తెలుసు. తెలిసినా భయపడే ఓపిక లేదు. పొద్దుట్నుంచీ ఊళ్లోవాళ్ల మెట్లన్నీ ఎక్కి దిగి మోకాళ్లు పట్టేశాయి. ఇదొక్కటి చూసేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు.

తలుపు తీసిన పెద్దావిడ కళ్లు నిద్ర లేక గుంటలు పడ్డాయి.

"రేపు మా అమ్మాయి వస్తోంది బాబూ... ఇంటికి తాళం వేసి నన్ను తీసుకుపోతుందట. దెయ్యం ఉందని దాని భయం. టీవీ జబ్బేనని నువ్వొక్క మాట చెప్తే చాలు."

పై గదిలో బీరువా అంత ప్రొజెక్షన్ టీవీ. ఎదురుగా ఖాళీ పడక కుర్చీ.

"ఆయన చూసే వేళకి రోజూ స్విచ్ వేస్తాను," అంటూ వేసిందావిడ.

పెట్టె లోపల టిక్... కాసేపాగి టిక్... మళ్లీ టిక్. తెర వెలగలేదు. కింద ఎర్రకన్ను కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదమ్మా. లోపల తెరకి వెలుగిచ్చే బల్బు ముసలిదైపోయింది. టీవీ దాన్ని మూడుసార్లు లేపుతుంది. వెలిగితే, వెలిగానని బల్బు నుంచి కబురొస్తుంది. రాకపోతే ఇక అది లేదనుకుని ఈ ఎర్ర దీపం చూపిస్తుంది."

ఆవిడ కుర్చీ వైపు చూసింది.

"ఆ రోజు నేనూ మూడుసార్లు పిలిచాను బాబూ... అందులోనే కూర్చుని ఉన్నారు. పలకలేదు."

అనవసరంగా వాగానని అతని మనసు చివుక్కుమంది. టీవీ ఆపి, వెనక మూత తీసి, బల్బు ఊడదీశాడు. నల్లగా మాడిపోయి ఉంది. కొత్తది పెట్టే ముందు అతనికో అలవాటు — ఖాళీగానే మూత బిగించి ఒకసారి స్విచ్ వేస్తాడు. బల్బే లేదు కాబట్టి ఎర్రకన్ను కొట్టుకోవాలి. అలా కొట్టుకుంటేనే టీవీ నిజం చెబుతున్నట్టు లెక్క.

టిక్...

కాసేపాగి... టిక్...

ఆవిడ పెదవులు మాత్రం కదిలాయి — "ఏవండీ..."

టిక్.

ఎర్రకన్ను వెలగలేదు. పచ్చ దీపం వెలిగి, నిలకడగా నిలబడింది. తెర మెల్లగా తెల్లబడింది... ఆ వెలుగు కుర్చీ మీద పడింది.

మెకానిక్ తన చేతిలోకి చూసుకున్నాడు. మాడిన బల్బు అక్కడే ఉంది. కొత్తది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

"అమ్మా..." అంటూ ఆ మాడిన బల్బు ఎత్తి చూపించాడు.

"కొత్తది వెయ్యకు బాబూ," అందావిడ నెమ్మదిగా, కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంటూ. "నేనెక్కడికీ రానని అమ్మాయికి చెప్పుకుంటాను... ఇవాళ నాకు నిద్ర పడుతుంది."

మెట్లెలా దిగాడో అతనికే తెలీదు. స్క్రూడ్రైవర్ అక్కడే మర్చిపోయాడు. వెళ్లి తెచ్చుకోమని పెళ్లాం ఎంత పోరినా, ఇంకోటి కొనుక్కున్నాడట గాని ఆ మేడ ఎక్కలేదు.