ఏటీపీ వేయని ట్యూబు

“మామిడికాయ ముందే వేసి పులుసంతా పిప్పి చేసినావు,” అంది అత్త ఆనందకుమారి.

“నిన్న చివర్లో వేస్తే పచ్చిగా ఉందన్నారు గదత్తా,” అంది ఫ్లోరా.

“రెండూ తిన్నది నేను. నన్నడగండి,” అన్నాడు భర్త సుశీల్ కుమార్.

ఫోన్ మోగింది. “ఐసు కరుగుతోంది మేడమ్.”

ఐసు వ్యాపారి వేషంలో ఉన్న ఇంటెలిజెన్స్ చీఫ్ అబ్దుల్ రజాక్. సరుకు ఈరోజే సముద్రం దాటుతుందని ఆ కోడ్‌కి అర్థం.

“కాలేజీకి పోయొస్తా,” అంది ఫ్లోరా. ఇంట్లోవాళ్లకు ఆమె కావలి కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. నిజానికి ఆర్నెల్లుగా జువ్వలదిన్నె దగ్గర ఓ ప్రైవేట్ ల్యాబ్‌లో సీక్రెట్ ఏజెంట్.

అక్కడ తయారవుతున్నది కైనెసిన్. కణాల్లోని సన్నని పట్టాల మీద సరుకు మోసే మోటార్ ప్రొటీన్. ఈ రకం నరాల్లోకి మందు మోస్తుంది. విషాన్నీ మోస్తుంది. విదేశీ ముఠాకి కావలసింది అదే.

ఆమె కోల్డ్ రూమ్‌లో అడుగుపెట్టగానే వెనక తలుపు గడియ పడింది. అద్దం అవతల ఏంజెలిన్. ఖరీదైన సెంటు, ముత్యాల దుద్దులు. ఇన్నాళ్లూ రజాక్‌కి రహస్యంగా రిపోర్టులు పంపిన సైంటిస్టే ముఠా మనిషన్నమాట.

“నువ్వెవరో నాకు తెలుసు ఫ్లోరా. ప్రొటీన్ వేరు చేసి ఇవ్వు, తలుపు తీస్తా.”

“నువ్వే చేసుకోవచ్చుగా?”

“నా చేతిలో సగం పాడవుతుంది. నీ చెయ్యి మంచిది.”

నాలుగు డిగ్రీల చలి. చేతి గాజులో దాచిన ట్రాన్స్‌మిటర్ ఉక్కు గోడల్లో మూగబోయింది. తను రాకపోతే ఇంట్లోవాళ్లు కావలంతా వెతుకుతారు. ఇక్కడికి రారు.

ట్యూబు అడుగున పట్టాలు ముద్దగా ఉన్నాయి. కైనెసిన్ వాటిని పట్టుకునుంది. ఏటీపీ దాని ఇంధనం. అది వేస్తేనే పట్టు వదిలి నీళ్లలోకి వస్తుంది.

ఫ్లోరా అద్దానికి వీపు తిప్పింది. ఏటీపీ వేయలేదు. పైనున్న ఉత్త నీళ్లు తీసి, షెల్ఫులోని కేసీన్ కలిపి, తలుపులోని చిన్న కిటికీ గుండా అందించింది.

ఏంజెలిన్ ఒక చుక్కకి రంగు కలిపింది. నీలమైంది. ప్రొటీన్ ఉన్నట్టే. ఏ ప్రొటీనో ఆ రంగు చెప్పదు.

“తలుపు,” అంది ఫ్లోరా.

“చేతులు రుద్దుకుంటూ ఉండు,” అని వెళ్లిపోయింది ఏంజెలిన్.

ఫ్లోరా అసలు ముద్ద మీద బ్లీచ్ పోసింది. తర్వాత చేతులు రుద్దుకుంటూ కూర్చుంది. గంటకి వేళ్లకు స్పర్శ పోయింది. రెండో గంటకి గడియ కదిలింది.

“బోటు లంగరెత్తుతుంటే ఏంజెలిన్‌ని పట్టుకున్నాం. మీరిక్కడున్నారని తనే చెప్పింది,” అన్నాడు రజాక్, తన కోటు ఆమెకి కప్పుతూ. “ట్యూబులో ఏముంది మేడమ్?”

“కేసీన్. పాలలో ఉండే ప్రొటీన్.”

సాయంత్రం ఇంట్లో అందరూ టీ తాగుతున్నారు. ఫ్లోరా గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది.

“నేను కాలేజీలో చేయడం లేదు,” అంది మెల్లిగా. “చేసేది గవర్నమెంటు నిఘా పని. మానను. కానీ ఇకమీదట ఏ తలుపు లోపలికి పోతున్నానో మీకు చెప్పే పోతా.”