చలి వచ్చే దారి

బేస్‌మెంట్‌లో స్మోక్ అలారం మోగగానే మహీధర్ తింటున్న ప్లేటు పక్కన పెట్టి మెట్లు దిగాడు.

"ఏం తగలబెడుతున్నారండీ? ఇల్లు కాల్చేస్తారా?"

తలుపు తెరిచిన అమ్మాయి వింటర్ జాకెట్ మీద దుప్పటి కప్పుకుని ఉంది. పేరు తేజశ్రీ అని మాత్రమే తెలుసు. ఆ ఏడాది కెనడాలోని సస్కటూన్‌కి తెలుగు స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగడంతో గది దొరకడమే గగనమైంది. ఇంటి ఓనర్ సుఖ్‌దేవ్ అంకుల్ ఇంట్లో పై గది అతనిది, కింది గది ఆమెది. ఎదురైతే ఒక "హాయ్", అంతకుమించి మాటల్లేవు.

"అగరబత్తి వెలిగించా, అంతే," అందామె.

అతను కుర్చీ ఎక్కి అలారం ఆపాడు. దిగుతుంటే టేబుల్ మీద ఫోటో కనిపించింది. బైక్ మీద కూర్చుని నవ్వుతున్న కుర్రాడు.

"మా అన్నయ్య. పోయిన నెల యాక్సిడెంట్‌లో..." ఆగిపోయింది. "ఎగ్జామ్స్ కదా, రావద్దన్నారు. అంతా ఫోన్‌లోనే చూశా."

అతను ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిస్తే ఆవిరి వచ్చింది.

"ఇంత చలిగా ఉందేంటి ఇక్కడ?"

"థర్మోస్టాట్‌లో వేడి తగ్గించేది మీరే కదా!"

"పైన మాకు ఉక్కపోస్తోందండీ!"

ఇద్దరూ ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు. అప్పుడే మహీధర్ కళ్ళు అగరబత్తి మీద పడ్డాయి. పొగ పైకి లేవడం లేదు. కిటికీ వైపు నుంచి ఎవరో ఊదుతున్నట్టు అడ్డంగా పోతోంది.

"చలి లోపలికొచ్చే దారి అదే," అన్నాడు.

శనివారం అతను సందులు మూసే ఫోమ్ టేపు, కిటికీకి అంటించే ప్లాస్టిక్ షీటు పట్టుకొచ్చాడు. ఆమె అగరబత్తి పట్టుకుని గోడ పొడవునా నడిచింది. పొగ చెదిరిన ప్రతిచోటా అతను టేపు వేశాడు. తలుపు కింది సందులో పాత టవల్ చుట్టిపెట్టారు. మంచం జరిపేసరికి దాని వెనక వేడిగాలి వచ్చే వెంట్ బయటపడింది. పరుపు దాన్ని పూర్తిగా మూసేసి ఉంది.

"వెంట్‌కి పరుపు అడ్డం పెట్టుకుని నన్ను తిట్టారా?"

తేజశ్రీ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూడ్డానికి ఎన్ని మంచాలైనా జరపొచ్చనిపించింది అతనికి. కానీ నవ్వు మధ్యలోనే ఆమె మొహం తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వితే తప్పు చేసినట్టుంది," అంది కళ్ళు తుడుచుకుంటూ.

అతను ప్లాస్టిక్ షీటు అంటించి, ముడతలు పోయేలా హెయిర్ డ్రయర్‌తో వేడి చేయడం మొదలుపెట్టాడు. బయట సాయంత్రం ఐదింటికే వెలుతురు చచ్చిపోయింది.

"ఎవరి కోసం ఇదంతా?" అంది ఆమె. "ఇండియాకి టికెట్ బుక్ చేశా. వన్ వే."

డ్రయర్ ఒక్కచోటే ఆగింది. షీటుకు చిన్న చిల్లు పడింది.

"వెళ్ళు," అన్నాడు చిల్లు మీద టేపు వేస్తూ. "అమ్మ దగ్గర ఉండాలి నువ్వు. కానీ కోర్సు మానేయకు. డిఫర్ చెయ్యి, కొన్నాళ్ళు వాయిదా వేసుకో."

"తిరిగొచ్చి? మళ్ళీ ఈ మంచు, ఈ చీకటి..."

"గది వెచ్చగా ఉంటుంది."

"గది కోసం ఎవరైనా సముద్రాలు దాటి వస్తారా?"

"నా కోసం రా."

అనేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అతను సరంజామా సర్దుకుని పైకి వెళ్ళిపోయాడు. ఇలాంటి సమయంలో అలాంటి మాట అన్నందుకు తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

ఆమె వెళ్ళేరోజు అంకుల్ కారు అడిగి ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాడు. దారంతా వైపర్ల చప్పుడే. లోపల బ్యాగేజ్ చెకిన్ అయ్యాక తేజశ్రీ అతని ఎదుట నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మకి నీ గురించి ఏమని చెప్పాలి?"

"మంచాలు జరిపేవాడని చెప్పు."

ఆమె పెదవులు కదిలాయి. నవ్వు కాదు, నవ్వుకి కాస్త ఇవతల.

"డిఫర్‌కి అప్లై చేశా," అంది. "నాకు టైమ్ పడుతుంది, మహీ."

"పట్టనీ."

ఆమె సెక్యూరిటీ లైన్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తా."

ఆ మాటలోని రెండో సగాన్ని గట్టిగా పట్టుకుని, మహీధర్ మంచులో కారు దాకా నడిచాడు.