పిడికెడు మందుగుండు

"రేపు మధ్యాహ్నం. గోదాం మొత్తం ఖాళీ కావాలి. గోడలు మాత్రం వదిలెయ్."

మెసెంజర్‌లో ఆ వాక్యం మెరవగానే ఏజెంట్ జీ వేళ్ళు ఆల్ట్, ట్యాబ్ మీద పడ్డాయి. క్షణంలో తెర మీద బగ్ రిపోర్టు ప్రత్యక్షమైంది. వెనకనుంచి వెళుతున్న టీమ్ లీడ్ దాన్ని చూసి, శనివారం కూడా ఇంత శ్రద్ధగా పనిచేస్తున్నాడు పాపం అనుకుంటూ కాఫీ మెషిన్ వైపు సాగిపోయాడు.

ఏజెంట్ జీ అసలు పేరు సూరి. శ్రీకాకుళం నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డ కుటుంబం. ఉద్యోగం బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం పని. తప్పు దొరికితే రాసినవాడు తిడతాడు, దొరక్కపోతే మేనేజర్ తిడతాడు. ఏ ప్రాజెక్టు గెలిచినా సన్మానాల మెయిల్‌లో అతని పేరు ఉండదు.

అతని రహస్య జీవితం మాత్రం వేరు. 'సెవెన్ హార్బర్స్' అనే ఆన్‌లైన్ ఓడల ఆటలో సగం ప్రపంచాన్ని గడగడలాడించే నార్త్ సిండికేట్ అనే విదేశీ ముఠాకి అతను గూఢచారి. మారుపేరు గండభేరుండ అని మోజుపడి పెట్టుకున్నాడు. ముఠా నాయకుడికి నోరు తిరక్క 'జీ' దగ్గరే ఆపేశాడు. ఆ నాయకుడి అసలు పేరు ఎవరికీ తెలీదు. ఉండేది ఒస్లోలో కాబట్టి ఒస్లో అనే పిలుస్తారు.

సూరి అటూ ఇటూ చూసి మెసెంజర్ కిటికీ మళ్ళీ తెరిచాడు.

"గోదాంకి కాపలా?" ఒస్లో అడిగాడు.

"లేదు."

"తాళం?"

"లేదు. ఫ్లీట్‌లో ఎవరైనా ఎంతైనా తీసుకోవచ్చు."

"అలారం?"

"సరుకు వేస్తే అందరి సెల్‌ఫోన్లకీ మెసేజ్ వెళుతుంది. తీస్తే వెళ్ళదు."

"తిరగేసి పెట్టుకున్నారా? ఇడియట్స్."

సూరి "తర్వాత?" అని మాత్రం కొట్టాడు.

"ప్లాన్ విను," అన్నాడు ఒస్లో. "నేను పంపిన ప్రోగ్రామ్ పేరు వ్యాక్యూమ్. పెన్ డ్రైవ్‌లో వేసుకో. అది సరుకంతా నీ ఓడలోకి లాగి, ఓడని తనే రేవు గీత దాటిస్తుంది. దాటగానే 'వర్షం మొదలైంది' అని కొట్టు. మా నౌకలు దాడికి దిగుతాయి. వాళ్ళ ఫిరంగుల్లో వెయ్యడానికి చిటికెడు మందు కూడా ఉండదు."

"గీత దాటేలోపు కనెక్షన్ పోతే?"

"సరుకు వెనక్కి గోదాంలో పడుతుంది. కాబట్టి పోనివ్వకు."

"ఆ తర్వాత నా సంగతి?"

"మా ఫ్లాగ్‌షిప్‌కి నువ్వే కమాండర్. నీ పేరు ప్రపంచమంతా చదువుతుంది. ఓవర్."

ఆ ఒక్క మాట కోసమే సూరి ఏడాదిగా వేషం కట్టాడు.

అతను దోచుకోబోయేది లష్కర్ ఫ్లీట్ అనే జట్టుని. లష్కర్ అంటే సికింద్రాబాద్ పాతపేరు, దానికి తగ్గట్టు అందరూ అక్కడివాళ్ళే. అందులో చేరడానికి సూరి అమాయకుడి వేషం వేశాడు. ఆట రానట్టు నటిస్తూ మొదటివారమే ఓడని బండకేసి కొట్టి ముంచేసుకున్నాడు. ఫ్లీట్ మనిషీ, మెట్టుగూడలో నెట్ కేఫ్ యజమానీ అయిన పర్వతాలు అది చూసి తల్లడిల్లిపోయి, తన ఓడ తెరచాపలు ఊడదీసి ఇచ్చేశాడు. "నాదేముందన్న, మెల్లగ సుత పోతది. నువ్వు జెర పైలం," అన్నాడు. అతనిది నిజంగానే నెలల తరబడి మెల్లగా పోయింది. ఆ నత్తనడక చూసినప్పుడల్లా సూరి తన ఓడని వేరే వైపు తిప్పేసుకునేవాడు.

ఇక ఫ్లీట్ కెప్టెన్ పేరు బ్లూ ఆర్కిడ్. వెండి రంగు కోటు, నీలం జుట్టు, నడుముకి జంట పిస్టళ్ళు. ఆ బొమ్మ రేవులో నడిచొస్తుంటే శత్రువుల ఓడలు కూడా కాసేపు ఫిరంగులు ఆపేవి. తెర ఇవతల ఆవిడ కాంతమణి, తిరుమలగిరిలో ఒక స్కూల్లో సోషల్ టీచర్. గంజిపెట్టిన నూలుచీర, ముక్కు మీద కళ్ళజోడు.

గోదాంకి తాళం వద్దన్నదీ, అలారం తిరగేసి పెట్టించిందీ ఆవిడే. ఆవిడ పుట్టిపెరిగిన గుంటూరు వైపు చర్చి ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి, అంటే చర్చికే, చేరుతుంది, లేనివాళ్ళ ఇళ్ళకి వెళుతుంది. కాంతమణి ఆ పద్ధతిని యథాతథంగా ఆటలోకి తెచ్చింది. గోదాం తలుపు ఎందుకు తెరిచినా సరే, ముందు పిడికెడు వేసి ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోవాలి.

"తీసుకునేవాడికి అవసరం ఉంటుంది తమ్ముడూ, వాణ్ని నలుగురిలో చాటింపు వేస్తామా?" అని సూరికి చెప్పింది మొదట్లో. "వేసినవాడికి మాత్రం అందరూ వందనాలు చెప్పాలి."

మొదట్లో సూరి అనుమానం రాకుండా వేసేవాడు. తర్వాత్తర్వాత ఎందుకు వేస్తున్నాడో ఆలోచించడం మానేశాడు.

ఆదివారం మధ్యాహ్నం సూరి వచ్చి పర్వతాలు నడిపే కేఫ్‌లో మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫ్లీట్‌లో ఎక్కువమంది చర్చి నుంచి వచ్చి భోజనాల దగ్గర ఉండే వేళ. రేవులో పిట్ట లేదు. మెడలో ఐడీ కార్డు పక్కన వేలాడుతున్న పెన్ డ్రైవ్ విప్పాడు. దాని మూత జారి బల్ల కింద పడింది.

పర్వతాలు చాయ్ తెచ్చి పెట్టాడు. "ఏందన్నా, గిట్ల పరేషాన్ ఉన్నవ్? ఆఫీసుల ఏమన్న అయ్యిందా?"

"ఏం లేదు, తలనొప్పి."

"గోలీ తెప్పించాల్నా?"

"వద్దు, పర్వతాలూ. నువ్వెళ్ళు." తన గొంతు తనకే కటువుగా వినిపించింది. ఈ మనిషి కొంచెం చెడ్డవాడైతే ఎంత బాగుండేది అనిపించింది సూరికి.

పెన్ డ్రైవ్ గుచ్చి, వ్యాక్యూమ్‌ని సిద్ధం చేశాడు. ఓడని గోదాం పక్కకి తెచ్చి తలుపు తెరిచాడు. మందుగుండు పీపాలు, రాగి దిమ్మలు, తెరచాపల గుడ్డ కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మౌస్ కదిలింది, క్లిక్ అయింది. వ్యాక్యూమ్ మొదలైంది. పీపాలు బిలబిలా ఓడలోకి దొర్లసాగాయి.

అప్పుడు బల్ల మీద సెల్‌ఫోన్ మోగింది.

'సూరి గోదాంలో పిడికెడు మందుగుండు వేశాడు.'

సూరి ఆ మెసేజ్‌ని రెండోసారి చదివాడు. తలుపు తెరిచాక, వ్యాక్యూమ్ నొక్కేముందు, చెయ్యి దాని మానాన అది పిడికెడు వేసేసింది. దొంగతనానికి వచ్చి కానుక వేసినవాడు గూఢచారుల చరిత్రలో ఇతనొక్కడే అయ్యుంటాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. రోనాల్డ్. టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తాడు, ఆ అలారం తయారుచేసిన కుర్రాడు. 'వందనాలు అన్నా. కుడిచేతికి బిర్యానీ, ఎడమచేత్తో కొడుతున్నా.'

మళ్ళీ. ఫ్లీట్‌లో ఫిరంగులు పేల్చే జెనిఫర్. 'క్వయర్ ప్రాక్టీస్‌లో ఉన్నా. దొంగచాటుగా వందనాలు.'

మళ్ళీ. రిటైరైన రైల్వే గార్డు జకర్యాగారు. 'వందనాలు బాబూ. దేవుడు నీ చేతిని దీవించును గాక.'

సూరి ఆ చేతి వంక చూసుకున్నాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇంతకాలం తన పేరు ఎవరైనా పలకాలని ఎక్కడో ఒస్లో వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ వీళ్ళు అన్నం దగ్గర్నుంచి చెయ్యి తీసి మరీ పలుకుతున్నారు.

స్టాప్ నొక్కాడు. ఆగలేదు. ఎస్కేప్ కొట్టాడు. ఆగలేదు. పెన్ డ్రైవ్ పీకేశాడు. వ్యాక్యూమ్ అప్పటికే కంప్యూటర్‌లోకి దిగి కూర్చుంది. గోదాంలో గోడలే మిగిలాయి. ఓడ లంగరు ఎత్తుకుంది. తెరచాపలు విచ్చుకున్నాయి. అవి పర్వతాలు ఇచ్చినవే.

"ఏటైపోతోందిరా బాబూ!" అసలు భాష బయటికి తన్నుకొచ్చింది. కంప్యూటర్ పెట్టె బల్ల కింద ఇనప చట్రంలో ఉంది, తాళం వేసి. వైర్లు చేతికి అందవు. ఓడ ముక్కు రేవు చివరి ఎర్రగీత వైపు తిరిగింది.

"పర్వతాలూ! మెయిన్ ఆపెయ్!"

"ఏందీ?"

"కరెంటు తీసెయ్! యూపీఎస్ సుద్దా! అడక్కు, తీసెయ్!"

పర్వతాలు ఒక్క క్షణం చూశాడు. కేఫ్ నిండా జనం. ఒకడు ఉద్యోగానికి అప్లికేషన్ నింపుతున్నాడు, ఇంకొకడు పెళ్ళిచూపుల ఫొటో పంపుతున్నాడు. ఎందుకని అడగలేదు. ఒక చేత్తో మెయిన్ దించి, ఇంకో చేత్తో యూపీఎస్ వైరు లాగేశాడు. కేఫ్ చీకటైంది. తిట్లు షురూ అయ్యాయి.

ఓడ ముక్కు గీతని తాకడం సూరి చూశాడు. దాటడం చూడలేదు.

తిరిగి కరెంటు వేశాక, సూరి వేరే కంప్యూటర్‌లోంచి గోదాం తెరిచాడు. పీపాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అతను బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. పర్వతాలు ఏం చెయ్యాలో తెలీక కాంతమణికి ఫోన్ చేశాడు.

ఆవిడ ఆటోలో వచ్చింది, గుడికి కట్టుకున్న చీరతోనే. సూరి మొత్తం చెప్పాడు. ఒస్లో, ఏజెంట్ జీ, కావాలని ముంచిన ఓడ, ఏదీ దాచలేదు. తెరచాపల దగ్గరకి వచ్చేసరికి పర్వతాలు లేచి వెళ్ళి గల్లా దగ్గర వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

కాంతమణి తిడుతుందనుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నన్ను కూడా ఒస్లోనే పంపాడు."

"అక్కా!"

"నీకు చాలా ముందు. దోచలేకపోయాను. అప్పట్నుంచీ వాడి మనిషిలాగే ఉంటూ, ఇక్కడేమీ లేదని తప్పుడు కబుర్లు పంపుతున్నాను. వాడికి అనుమానం వచ్చి ఇంకొకణ్ణి దించానన్నాడు. ఎవరో చెప్పలేదు. నేను రోనాల్డ్ అనుకున్నాను రా." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అలారం వాడి చేతిలో ఉందిగా. అందుకని మొన్న యుద్ధానికి రానివ్వలేదు. ఏం తప్పు చేశానక్కా అని అడిగాడు. ఏం లేదులే అన్నాను. తాళం లేని గోదాం పెట్టి, నా బుర్రకి మాత్రం తాళం వేసుకున్నాను."

తను తలపెట్టిన దొంగతనం ఆగిపోయింది సరే, తనవల్ల అప్పటికే ఒకడి మంచిపేరు పోయిందన్నమాట. దాన్ని ఏ మెయిన్ ఆపినా వెనక్కి తేలేరు. సూరి ఫోన్ తీసి రోనాల్డ్‌కి చేశాడు. తన సంగతి తను చెప్పాడు. ఫోన్ కాంతమణికి ఇచ్చాడు. ఆవిడ సంగతి ఆవిడ చెప్పుకుంది.

రోనాల్డ్ అంతా విన్నాక అన్నాడు. "ఇవాళ నాతో మాట్లాడకండి. రేపు నేనే చేస్తా. చేస్తానో లేదో సుత తెల్వది."

ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు మెసెంజర్ మోగింది. ఒస్లో. "జీ! వర్షం ఏమైంది? మా నౌకలు నడిసముద్రంలో నిలబడి ఉన్నాయి. నిజం చెప్పు."

"ఏం చెప్పనక్కా?"

కాంతమణి కళ్ళు తుడుచుకుని, కీబోర్డు తన వైపు లాక్కుని, టీచర్ వేళ్ళతో ఒక్కొక్క అక్షరం నొక్కింది. "హైదరాబాద్. కరెంటు పోయింది."

"ఓకే. అర్థమైంది," అన్నాడు ఒస్లో.

ప్రపంచంలో ఎవర్నీ నమ్మని మనిషి, ఆ సంగతి మాత్రం మారుమాట లేకుండా నమ్మేశాడు.