తొట్టిలో పట్టని గిర్డరు

నేను ఆమెను మొదటిసారి చూసినప్పుడు, ఆమె నా గిర్డరు మీద చాక్‌పీసుతో ఇంటూ మార్కు పెడుతోంది.

చిన్నది కాదు. షెడ్డు గేటు దగ్గర నుంచి కూడా కనపడేంత.

"హలో మేడమ్! అది పలక కాదండీ!" అని కేకేశాను.

ఆమె వెనక్కి తిరగకుండానే రెండో ఇంటూ పెట్టింది. తర్వాత తీరిగ్గా చేతులు దులుపుకుని, హెల్మెట్ కాస్త పైకి జరిపి నన్ను చూసింది. "కోటింగ్ ఇన్‌స్పెక్టర్ని. మీరు?"

"ఈ షెడ్డు మాది. ఈ గిర్డర్లు చేసింది నేను."

"బాగా చేశారు. వెల్డింగు ముచ్చటగా ఉంది. మరి ఈ రంగు వేయమన్నది ఎవరు?"

"అదీ నేనే."

"అనుకున్నాను."

ఆ ఒక్క మాటకి మా వెల్డర్లు నలుగురూ షీల్డులు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు వినపడకపోయినా భుజాలు కదలడం కనిపిస్తుందిగా!

మాది ఇనుప కట్టడాలు తయారుచేసే షెడ్డు. నాన్న ముప్పై ఏళ్ల కష్టం. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి వచ్చాక దొరికిన మొదటి పెద్ద పని ఈ నడక వంతెన. ఏరు సముద్రంలో కలిసే చోట కట్టాలి. ఇప్పటిదాకా అవతలి ఒడ్డు వాళ్లకు పడవే గతి. గాలి ఎక్కువైన రోజు పడవ ఉండదు. పడవ లేని రోజు వాళ్లకు ఆసుపత్రి కూడా లేనట్టే. అంత ముఖ్యమైన వంతెనకు నాన్న కాలం నుంచి వేస్తున్న రెడ్ ఆక్సైడు, దాని మీద రెండు పూతలు ఎనామిల్ చాలని నేను ధీమాగా ఉన్నాను.

"ముప్పై ఏళ్లుగా ఇదే వేస్తున్నాం. ఒక్క కంప్లైంటు లేదు," అన్నాను.

"వేసింది వేటికి?"

"గోడౌన్లకి."

"మీ గోడౌన్లు సముద్రంలో స్నానం చేస్తాయా?"

ఈసారి వెల్డర్లు షీల్డులు కూడా అడ్డం పెట్టుకోలేదు.

మర్నాడు ఆమె నన్ను ఏటి ఒడ్డుకు రమ్మంది. పాత పడవల రేవులో ఒక ఇనుప స్తంభం ఉంది. నీలం రంగు ఇంకా నిగనిగలాడుతోంది.

"చూశారా? ఎంత బాగుందో!" అన్నాను గెలిచినట్టు.

ఆమె బొటనవేలితో ఒకచోట నొక్కింది. అప్పడంలా రంగు పగిలింది. లోపల ఎర్రటి పొడి. ఆమె వేలు గోరు దాకా లోపలికి దిగింది.

"ఉప్పు గాలి లోపలే తినేస్తుంది. పైన ముఖం మాత్రం మెరుస్తూనే ఉంటుంది," అంది. తర్వాత నా ఇస్త్రీ చొక్కా వైపూ నల్ల కళ్లద్దాల వైపూ ఓ చూపు చూసి, "పై మెరుపు చూసి మోసపోకూడదు కదండీ," అంది.

కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆమె కళ్లలో నవ్వు అప్పుడే సరిగ్గా కనిపించింది.

ఓడిపోవడం నాకు అలవాటు లేదు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, మూడో రోజు ఆమె షెడ్డులో అడుగుపెట్టగానే ఎదురెళ్లాను.

"మొత్తం గాల్వనైజ్ చేసేద్దాం. కరిగిన జింకులో ముంచి తీస్తే ఇక తుప్పు మాటే ఉండదు. ఓకేనా?"

"మంచి ఐడియా. గిర్డరు పొడవెంత?"

"ఇరవై నాలుగు మీటర్లు."

"జింకు తొట్టి?"

నా గొంతు కాస్త తగ్గింది. "పన్నెండు."

"మడతపెట్టి ముంచుతారా?"

ఆమె నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఒళ్లు మండే మనిషిని, ఆ రోజు ఎందుకో ఇంకోసారి నవ్వితే బాగుండుననిపించింది.

"సరే, గిర్డర్లకి రంగే. కానీ రెయిలింగు మాత్రం తొట్టిలో ముంచాల్సిందే," అన్నాను. "గొట్టాలు, క్లాంపులు, అన్నీ మూలలే. బ్రష్షు దూరదు, స్ప్రే అందదు. ఒక్కో ముక్క మూడు మీటర్లే. వేడికి గాలి వ్యాకోచించి గొట్టం పగలకుండా ముందే రంధ్రాలు కూడా పెట్టించాను."

ఆమె ఒక ముక్క తీసుకుని తిప్పి చూసింది. రంధ్రంలోంచి ఒక కన్ను మూసి నా వైపు చూసింది.

"మీరు చెప్పింది కరెక్టే."

"ఏమన్నారు? మిషన్ల మోతలో వినపడలేదు."

"వినపడింది. మళ్లీ చెప్పను."

అలా కుదిరింది బేరం. రెయిలింగులకు నా జింకు తొట్టి. గిర్డర్లకు ఆమె లెక్క: ముందు గ్రిట్, అంటే గరుకు ఇనుప రవ్వ, గాలితో కొట్టి పాత రంగంతా ఊడగొట్టి ఇనుమును తెల్లగా తేల్చాలి, జింకు ప్రైమర్ వేయాలి, దాని మీద దళసరిగా ఎపాక్సీ. ఎపాక్సీ ఎండకు పొడిబారుతుంది కాబట్టి పైన ఎండకు తట్టుకునే పాలియురేథేన్ పూత. ఎపాక్సీ విషయంలో ఆమె ఒక షరతు పెట్టింది. "గాలిలో తేమ ఏ వేడి దగ్గర నీళ్లుగా మారుతుందో, దానికంటే ఇనుము కనీసం మూడు డిగ్రీలు వేడిగా ఉండాలి. మీటరు మూడు చూపించకపోతే స్ప్రే గన్ ముట్టుకోవద్దు. ప్రామిస్?"

"ప్రామిస్."

ఆ ప్రామిస్‌ను నేను పదకొండో రోజున తప్పాను.

ఆ రోజు ఆమె వేరే సైటుకు వెళ్లింది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. నాలుగు చినుకులు రేకుల మీద పడి, ఆగి, మళ్లీ పడ్డాయి. క్రేను వచ్చే తేదీ ఏటి పోటును బట్టి పెట్టుకున్నది. అది తప్పితే ఇంకో పదిహేను రోజులు ఆగాలి. ఒక్క గిర్డరు మిగిలింది. మీటరు రెండు డిగ్రీలు చూపించింది.

ఒక్క డిగ్రీయే కదా అనుకున్నాను. వేయించేశాను.

మర్నాడు ఆమె వచ్చింది. మందం కొలిచింది, అంతా సరిగ్గా ఉంది. రంగు అద్దంలా ఉంది. ఆమె ముఖంలో సంతోషం. "మీ షెడ్డులో ఇంత నీట్‌గా చేస్తారని మొదటి రోజు అనుకోలేదండీ. సారీ," అంటూ సంతకానికి పెన్ను తీసింది.

ఆ సారీ నాకు గుచ్చుకుంది. రేవులో ఆమె వేలు దిగిన స్తంభం కళ్లముందు కదిలింది.

"సంతకం పెట్టకండి," అన్నాను. "ఈ గిర్డరుకి రెండు డిగ్రీల్లోనే వేశాం. నేనే వేయించాను. పనివాళ్ల తప్పేం లేదు."

ఆమె పెన్ను మూసింది. చిన్న ఇనుప బిళ్లలు రంగు మీద అతికించి, జిగురు ఆరాక మర్నాడు మిషనుతో లాగింది. మూడు బిళ్లలు గట్టిగా నిలిచాయి. షెడ్డు తెరిచి ఉన్న వైపు అతికించిన రెండూ రంగుతో సహా ఊడి చేతిలోకి వచ్చాయి.

నాన్న ఆ బిళ్లలు చూశాడు, నన్ను చూశాడు. "ఎన్ని రోజులున్నాయిరా?"

"ఐదు."

"మరి నిలబడ్డావేం? గ్రిట్ ఎక్కించు," అని తనే చొక్కా చేతులు మడిచాడు.

మొత్తం గీకి, మళ్లీ మొదటి పూత నుంచి మొదలుపెట్టాం. ఆమె రోజూ వచ్చి మీటరు పట్టుకుని నిలబడింది. కోపంగా ఉందో లేదో తెలియలేదు. ఒకసారి మాత్రం, వాన జల్లు లోపలికి కొడుతుంటే ఇద్దరం టార్పాలిన్ చెరో అంచు పట్టుకుని నిలబడ్డాం. ఆమె ముఖమంతా తడిసింది.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పారు?"

"మీరు నమ్మేశారు కాబట్టి."

ఆమె చూపు తిప్పుకుంది. టార్పాలిన్ అంచు ఆమె చేతిలో జారి, అటువైపు నీళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. కావాలని కాదంది. ఇప్పటికీ నమ్మను.

చివరి తనిఖీకి ఆమె రాలేదు.

ఆమె బదులు బట్టతల పెద్దాయన వచ్చాడు. ప్రతి గిర్డరూ మొదటి నుంచి కొలిచాడు. "అన్నీ మళ్లీ చూడమని ఆ అమ్మాయే రాసిచ్చింది బాబూ. ఈ పని నుంచి తనే తప్పుకుంది," అన్నాడు.

పని పాసయింది. అనుకున్న రోజునే క్రేను వచ్చింది, వంతెన ఏటి మీద కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, జనంలో ఆమె కోసం వెతుకుతూ.

రెండు రోజులు చూశాడు నాన్న. "ఒరేయ్, నువ్వలా ముఖం వేలాడేసుకుని తిరిగితే ఇక్కడ పని జరగదు. వెళ్లి ఆ అమ్మాయినే అడుగు."

వెళ్లాను. ఆమె ఇల్లు మేడమీద వాటా. తలుపు తీసిన ఆవిడ మెడలో టేపు ఉంది. వెనక గదిలో కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు.

"ఎవరు బాబూ?"

"వంతెన షెడ్డు నుంచండీ."

"తన తప్పు తనే చెప్పుకున్న అబ్బాయివి నువ్వేనా?" అంటూ ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా టేపు లేకుండానే కొలిచింది. "అమ్మడూ, నీ కోసమే!" అని పిలిచి వంటింట్లోకి వెళ్లింది.

ఆమె వచ్చింది. హెల్మెట్ లేదు. తడి జుట్టు భుజం మీద ఉంది. నేను దారిపొడవునా తయారుచేసుకున్న మాటలన్నీ మెట్ల మీదే జారిపోయాయి.

"అన్నీ మళ్లీ కొలవమన్నారట. నా మీద నమ్మకం లేకనా?"

"మీ మీద కాదు. నా మీద నాకు లేక."

"అర్థం కాలేదు."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. "మీరు నిజం చెప్పిన రోజు నుంచీ మీ గిర్డర్లలో నాకు ఒక్క లోపం కూడా కనపడలేదు. కొలిచి చూడకముందే బాగున్నాయనిపించేది. నచ్చిన మనిషి పనిని మనమే తనిఖీ చేయకూడదండీ. అది రూలు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. వాళ్లమ్మ చెవులు రిక్కించిందని అర్థమైంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"నేనూ మీరు రాని రోజు షెడ్డులో దేనికీ పనికిరాలేదు. మీరంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?"

"ఇంత తొందరా?"

"ఈసారి మీటరు చూసుకునే వచ్చాను."

ఆమె పకపకా నవ్వేసింది. మళ్లీ వినాలనుకున్న నవ్వు అదే.

"మీ నాన్నగారు ఏమంటారో?"

"ఆయనే పంపించారు."

"అమ్మా..." అని ఆమె లోపలికి తిరిగేసరికి, ఆవిడ అప్పటికే కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తలుపు దగ్గరికి వచ్చేసింది.

"నన్నేం అడుగుతావే? నెల రోజులుగా భోజనం దగ్గర గిర్డర్ల కథే వింటున్నాను. గిర్డర్ల మీద ఎవరికీ అంత ప్రేమ ఉండదని నాకు తెలీదా?" అని, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "రా నాయనా. మీ నాన్నకి ఫోన్ చేసి ఇవ్వు. నేను మాట్లాడతాను."